రోగి మంచం దగ్గర మన నాలుక



మీరు వార్డులో మీ మనిషి పక్కన కూర్చొని ఉండగా ఊరి నుండి చుట్టాలు వస్తారు. నాలుగు పండ్లు పట్టుకొని, ప్రేమతోనే వస్తారు. కూర్చోగానే "ఏం బీమారట? డాక్టరు ఏమన్నడు?" అని అడుగుతారు. మీరు చెప్పిన మాట సాయంత్రానికల్లా ఊరంతా తిరిగి వస్తుంది. ఇంకొకరు "మా మామకు గిదే బీమారి, నెల తిరగకముందే పోయిండు" అని రోగికి వినపడేటట్లే అంటారు. ఆ రాత్రి ఆ రోగికి నిద్ర పట్టదు.

యాకోబు తన పత్రిక 3వ అధ్యాయంలో నాలుకను నిప్పుతో పోల్చాడు. ఎండాకాలం ఆదిలాబాదు అడవిలో టేకు ఆకులు రాలి ఉన్నప్పుడు ఒక్క బీడీ ముక్క ఏమి చేస్తుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

కుష్ఠు వ్యాధినే చూడండి. మన ఊళ్లలో "పెద్దరోగం" అంటారు, అదీ గొంతు తగ్గించి. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్ నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఈ రోగుల కొరకు ఆసుపత్రి ప్రారంభించారు. రాజా నర్సాగౌడ్ విరాళమిచ్చి ఆదుకున్నారు. అప్పుడు నమ్మకమైన మందు లేదు. ఇప్పుడు ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. వ్యాధి రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు వాడితే నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటించే శక్తి పోతుంది.

అయినా మనిషి మచ్చను చొక్కా చేతి కింద దాచుకుంటాడు. రోగానికి కాదు, మాటకు భయపడి. దాచిన ఆ నెలల్లో నరం దెబ్బతింటుంది, వేళ్లు వంకర పోతాయి. మందు క్రిమిని చంపుతుంది గాని, చచ్చిన నరాన్ని లేపలేదు. ఆ వంకర వేళ్లలో ఊరివాళ్ల నోటికి కూడా వంతు ఉంది. చట్టం కూడా ఆలస్యంగానే కళ్లు తెరిచింది. ఈ వ్యాధి ఉంటే విడాకులు ఇవ్వవచ్చన్న మాటను 2019లో గాని తీసివేయలేదు. అది మన క్రైస్తవుల విడాకుల చట్టంలో కూడా ఉండేది!

మార్కు సువార్త 1వ అధ్యాయంలో యేసు ప్రభువు కుష్ఠరోగిని ముట్టి బాగుచేశాడు. తరువాత, ఎవరితోనూ చెప్పవద్దని, వెళ్లి యాజకునికి కనపరచుకొమ్మని ఆజ్ఞాపించాడు. దీనికి పండితులు వేరే కారణాలు చెప్పుతారు, నిజమే. నాకైతే అక్కడ మనకు పనికివచ్చే పాఠం ఒకటి కనబడుతుంది. చూడవలసినవాడు చూడాలి, ఊరికి చాటనక్కరలేదు.

మన సంఘాల్లోనూ ఒక అలవాటు ఉంది. ప్రార్థన విన్నపము అని చెప్పి, ఫలానా ఆయన కోడలికి ఫలానా జబ్బు అని మైకులో చదువుతాము. దేవునికి జబ్బు పేరు చెప్పవలసిన పని లేదు గదా! పేరు చాలు. అది కూడా ఆ మనిషిని అడిగిన తరువాతే.

ఇక చుట్టాలు అడిగితే "డాక్టర్లు చూస్తున్నరు, మీరు ప్రార్థన చెయ్యండి" అనండి. వాళ్లు ఇంకా గుచ్చి అడిగితే, బయటికి పిలిచి చాయ్ తాగించండి.

డాక్టరు దగ్గర మాత్రం ఏదీ దాచవద్దు. స్పర్శ తెలియని మచ్చ ఉన్నా, రెండు వారాలు దాటిన దగ్గు ఉన్నా, మీ ఇంట్లో ఎవరికైనా సరే, ఈ రోజే చెప్పండి. పదిమందిలో చెప్పడానికి మొహమాటమైతే, లోపల గదిలో మాట్లాడాలని నర్సమ్మను అడగండి.