యంత్రము ముసలిదా, పట్టాలు మారినవా?



పంచాంగ శ్రవణము ముగిసిన పిమ్మట ఈ కంప్యూటరు గోల యేమిటని కొందరు అనుకొనవచ్చును. ఈ ఏడు మన ఇండ్ల ఆదాయ వ్యయములలో వ్యయము వైపున చేరనున్న పద్దు గనుక మనవి చేయుచున్నాము.

2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టు వారు విండోస్ 10కు మామూలు మద్దతు నిలిపివేసినారు. విండోస్ 11 వేసుకొనుమన్నారు. తీరా వేయబోతే, చాలామంది ఇండ్లలో యంత్రము తగదని తెరపై కనబడుచున్నది. పిల్లల చదువునకై కొన్న కంప్యూటరు నిక్షేపముగా పని చేయుచుండగనే దానిపై ముసలిదన్న ముద్ర పడినది.

దీని ఆకలి పెరిగిన తీరు చూడండి. 1995 నాటి విండోస్ 95కు కనీసము 4 మెగాబైట్ల ర్యామ్ చాలెను. 2001 నాటి ఎక్స్‌పీకి 64 కావలసి వచ్చినవి. 2021 నాటి విండోస్ 11కు 4 గిగాబైట్లు, అనగా 26 ఏండ్లలో వేయిరెట్లు! ర్యామ్ గుమాస్తా బల్ల వంటిది. డిస్కు బీరువా వంటిది. బల్ల ఇరుకైనచో ప్రతి కాగితమునకు లేచి బీరువా దగ్గరకు పోవలెను. యంత్రపు నత్తనడకకు ముఖ్య కారణము ఇదే.

అంతయు కంపెనీల పేరాశ యనుట న్యాయము కాదు. దొంగలు పెరిగినకొలది తాళములు పెరుగును. అందుకే విండోస్ 11 టీపీఎం 2.0 అను భద్రతా ఏర్పాటును కోరుచున్నది. 2017కు ముందు వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లను దాదాపుగా ఒప్పుకొనదు. అయితే ర్యామ్ చౌక అయినకొలది ప్రోగ్రాములు వ్రాయువారిలో పొదుపు తగ్గిన మాటయు నిజమే.

నాందేడు వాసులకు దీనిని బోధించుట సులభము. ఒకప్పుడు మన మన్మాడు–సికింద్రాబాదు మార్గము మీటరు గేజి నుండి బ్రాడ్ గేజికి మారినది. నాటి ఇంజను చెడలేదు. దాని క్రింద పట్టాలు మారినవి. మీటరు గేజి మిగిలియున్న మార్గములలో అటువంటి ఇంజనులు తరువాత కూడ నడిచినవి.

మన యంత్రములకును దారులున్నవి. నెమ్మదితనమే చిక్కయినచో ర్యామ్ పెంచి, పాత హార్డ్ డిస్కు స్థానములో ఎస్సెస్‌డీ వేయించండి. కొన్ని ల్యాప్‌టాపులలో ర్యామ్ బోర్డుకే అతికియుండును, ముందుగా అడగండి. విండోస్ 11 నిరాకరించినచో, విండోస్ 10 భద్రతా మరమ్మతులను 2026 అక్టోబరు 13 వరకు పొడిగించు పథకమున్నది. లేదా ఉచితమైన లినక్సు వేయించవచ్చును. మన దేశపు సీడాక్ వారి బాస్ లినక్సు అట్టిదే. అందులో తెలుగును వ్రాయవచ్చును. పిల్లల కాలేజీవారు కోరు ప్రోగ్రాములు దానిపై నడుచునో లేదో విచారించుకొనండి. మరమ్మతులందని యంత్రముపై మాత్రము బ్యాంకు లావాదేవీలు వద్దు.

మనలో పెక్కుమందిమి నెల జీతముపై బ్రతుకువారము. వాయిదాల కాగితముపై సంతకము చేయుటకు ముందు యంత్రము చెడినదా, పట్టాలు మారినవా అని ఒక్కమారు విచారించవలెనని మా మనవి. అప్పటికిని కొత్తది కొనక తప్పనిచో, పాతదానికి లినక్సు వేయించి చదువుకొను మరొక పిల్లవానికి ఇవ్వండి.

పరాభవ నామ సంవత్సరము పేరునకే పరాభవమై, మీకందరకు జయము చేకూర్చుగాక! సెలవు.