కల్లంలో ఎద్దు చెప్పిన ధర్మం

(హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో వ్యాపారుల సాంస్కృతిక సభలో చేసిన ఉపన్యాసం)

   

బైబిల్లో ఒకానొక సందర్భం గురించి చెప్పిన మాటలోంచి యూదు వ్యాఖ్యాతలు అందరికీ వర్తించే ధర్మాన్ని ఎలా తీశారు? దీన్ని మూడు భాగాలుగా చెబుతాను. మొదటిది వాళ్ల సూత్రాలు, రెండోది వాటి ఆచరణ, మూడోది మన మీమాంసతో పోలిక.

సూత్రాల సంగతి. హిల్లెల్ అనే యూదు పండితుడు ఏడు చెప్పాడని, రబ్బీ ఇష్మాయేల్ పదమూడు చెప్పాడని సంప్రదాయం. వాటిలో ఒకటి 'బిన్యాన్ ఆవ్'. బిన్యాన్ అంటే కట్టడం, ఆవ్ అంటే తండ్రి. ఒక వాక్యాన్ని తండ్రిగా నిలబెడితే, దాని పోలిక ఉన్న సందర్భాలన్నీ ఆ ఇంటి పిల్లలే. ఇంకొకటి 'కల్ వహోమెర్'. అది మన కైముతిక న్యాయమే. చిన్నదానికే ఇంత పట్టింపు ఉంటే పెద్దదాని సంగతి వేరే చెప్పాలా అనడం.

కింద వీధిలో హమాలీలు లారీలోంచి బస్తాలు దించుతున్న చప్పుడు మీకూ వినబడుతోంది కదా. బస్తాలోకి ఎక్కకముందు ఆ గింజ కల్లంలో ఉంది. మనమూ అక్కడికే వెళదాం, ఈ సూత్రాలు ఆచరణలో ఎలా పనిచేశాయో చూద్దాం.

ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయంలో ఒక ఆజ్ఞ ఉంది. కల్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టకూడదు. అంతే. మనమైతే చదివి, బాగుంది అని పేజీ తిప్పేస్తాం. రబ్బీలు, అంటే యూదు ధర్మపండితులు, తిప్పలేదు. ఎద్దుకేనా? గాడిద తొక్కితే కట్టవచ్చా? సుమారు క్రీ.శ. 200లో కూర్చిన మిష్నా అనే యూదు ధర్మసంకలనంలో జవాబుంది. ఎద్దైనా, మరే జంతువైనా, ఆఖరికి పక్షైనా ఒకటే. మరి ఎద్దు అనే ఎందుకన్నట్టు? లోకంలో రోజూ జరిగేదాన్ని పట్టుకుని శాస్త్రం మాట్లాడుతుంది కాబట్టి.

ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలు, తాళంచెవి చేతికొచ్చినట్టే. ఫ్రాన్సులోని ట్రోయెస్‌లో జీవించిన మహా వ్యాఖ్యాత రాషీ (1040–1105) దీన్నే వాడతాడు. విధవను, అనాథను బాధపెట్టవద్దని నిర్గమకాండంలో ఉంది. మిగతావాళ్లను బాధపెట్టవచ్చా? లేదంటాడు రాషీ. ఎవరినీ బాధపెట్టకూడదు, కానీ బలం లేనివాళ్లు కాబట్టి ఎక్కువగా బాధలు పడేది వాళ్లే, అందుకే వాళ్ల పేరు చెప్పారు అంటాడు.

ఉదాహరణను సాగదీయడానికి హద్దు లేదనుకోకండి. ద్రాక్షతోటలోకి వెళ్లినవాడు కడుపునిండా తినవచ్చు గానీ పాత్రలో వేసుకోకూడదని ఇంకో ఆజ్ఞ. దారినపోయేవాడికి కాదిది, అక్కడ పనిచేసే కూలివాడికి అన్నారు రబ్బీలు. ద్రాక్షకేనా? కాదు, నేలలో పండే పంటలన్నిటికీ. అయితే పాలు పితికేవాడికి, వెన్న చిలికేవాడికి ఈ హక్కు లేదు, పాలు నేలలో పండవు గనుక. ఉదాహరణను ఎంత దూరం సాగదీయాలో ఆ ఉదాహరణే చెబుతుంది. కట్టుగొయ్య నుంచి పలుపు ఎంత పొడవుంటే ఎద్దు అంతవరకే మేస్తుంది.

ఇక్కడ మా తాతగారి మాట చెప్పకుండా ముందుకు సాగలేను. నల్లగొండ జిల్లాలో మా ఊరు. నాకు ఎనిమిదేళ్లుంటాయి. జొన్న కల్లంలో బంతి కట్టి ఎడ్లతో తొక్కిస్తున్నారు. గుంటక తోలేటప్పుడు కట్టే చిక్కాలు కల్లంలో విప్పేయడం మా ఇంటి ఆనవాయితీ. ఎడ్లు తోలే పిల్లాడు, నాకంటే రెండేళ్లు పెద్ద ఉంటాడేమో, గుప్పెడు జొన్నలు నోట్లో పోసుకున్నాడు. కల్లం చూసుకునే మా బంధువు ఒకాయన వాడి చెయ్యి పట్టుకుని కసిరాడు. తాతగారు మంచె మీంచి దిగివచ్చారు. "ఎద్దు నోరు కట్టని కల్లంలో మనిషి నోరు కడతావుర?" అన్నారు. ఆ బంధువు చెయ్యి వదిలేశాడు.

పొద్దుగూకేవేళ అదే పిల్లాడు తువ్వాలు కొసన దోసెడు జొన్నలు మూటగట్టుకున్నాడు. తాతగారు చూశారు. కసరలేదు. "తిన్నది నీ కడుపుది బిడ్డా, కట్టుకున్నది నన్నడిగి కట్టుకో" అన్నారు. వాడు ఏడ్చాడు. తాతగారు మూట విప్పించలేదు, పైనుంచి సేరు జొన్నలు కొలిచి పోశారు.

తాతగారు అక్షరం ముక్క చదువుకోలేదు. యూదుల పేరైనా విన్నారో లేదో. నలభై ఏళ్ల తర్వాత ద్రాక్షతోట ఆజ్ఞ, దాని మీద రబ్బీల చర్చ చదువుతుంటే నాకు ఆ తువ్వాలు కొస కనిపించింది. కడుపుకు ఇచ్చిన అనుమతి సంచికి లేదు. ఎద్దుకున్న గౌరవం మనిషికి తప్పదు. బిన్యాన్ ఆవ్, కైముతికం, రెండూ ఆ కల్లంలోనే ఉన్నాయి.

అందుకే ఇవాళ్టి చదువులు చూస్తే బాధ కలుగుతుంది. పిల్లలకు ఉదాహరణ అక్కర్లేదు, పాయింట్ చాలు. న్యాయశాస్త్రం చదివేవాళ్లు కూడా తీర్పు పైనున్న సారాంశం చదివి, కేసు కథ వదిలేస్తున్నారు. కథ తీసేసిన సూత్రం ఎండిపోతుంది. కొత్త సందర్భం వచ్చిననాడు అది మాట్లాడదు. ఎద్దు గుర్తుంటేనే గాడిద సంగతి అడగగలం.

రెండో భాగం, ఆచరణ, ఒక్క ఉదాహరణతో ముగిస్తాను. డాబాకు పిట్టగోడ కట్టాలని ఆజ్ఞ. దాన్నిబట్టి ఇంట్లో కరిచే కుక్కను, విరిగే నిచ్చెనను ఉంచకూడదన్నాడు రబ్బీ నాతాన్. ప్రాణం తీసే ప్రమాదం ఏదైనా పిట్టగోడ లేని డాబాయే అని తర్వాతి కాలపు యూదు పండితుడు మైమోనిడిస్ దాన్ని ఇంకా విస్తరించాడు. ఈ బజార్లో వేలాడే కరెంటు తీగలు చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

మూడోది, మన మీమాంస, అంటే వేదవాక్యాల అర్థం తేల్చే శాస్త్రం. కాకుల నుంచి పెరుగు కాపాడమని పిల్లాడికి చెప్పి వెళతాం. కుక్క వస్తే ఊరుకోమనా? కాకి ఉపలక్షణం, పెరుగు పాడుచేసే ప్రతిదీ కాకే. రాషీ ఉన్న కాలానికి కాస్త అటూఇటూగా కల్యాణిలో విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్యానం రాశాడు. ఆ కల్యాణి మొన్నటి హైదరాబాదు రాజ్యంలోదే. పదమూడో శతాబ్దంలో కేతన అనే కవి మితాక్షరను తెలుగులోకి తెచ్చాడు. రాషీ, విజ్ఞానేశ్వరుడు ఒకరినొకరు ఎరగని పండితులు, పని ఒకటే. ఇవాళ గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ధర్మం పాటించే తెలుగు కుటుంబాలున్నాయి. ఈ రెండు దారులూ మన భాషలోనే కలిశాయి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. వ్యాపారులకు ఒక్క మాట చెప్పి ముగిస్తాను. తూకం న్యాయంగా ఉండాలని బైబిలు ఆజ్ఞ. మిష్నా దాన్ని అంగడిలోకి తెచ్చింది. టోకు వర్తకుడు కొలపాత్రలను ముప్పై రోజులకోసారి తుడవాలి. చిల్లర వర్తకుడు కొలపాత్రలు వారానికి రెండుసార్లు తుడవాలి, తూకపురాళ్లు వారానికోసారి శుభ్రం చేయాలి, త్రాసు తూచిన ప్రతిసారీ తుడవాలి. పాత్రకు అంటుకున్నది కొనేవాడి సొమ్ము కదా.

మీ కొట్లలో కొలపాత్రలు లేవు, ఎలక్ట్రానిక్ కాంటాలున్నాయి. తుడవడమంటే ఇప్పుడేమిటి? సున్నా దగ్గర నిలిచిందో లేదో చూసుకోవడమా? గోనెసంచి బరువు నిజంగా ఎంతో అంతే తీయడమా? తరుగు పేరుతో రైతు గింజ నిలుపుకోకపోవడమా? లారీలను తూచే చోటును మన ఊళ్లో ధరమ్ కాంటా అంటాం. ఆ పేరులో ధర్మం ముందుంది, కాంటా వెనకుంది. రేపు పొద్దున కొట్టు తెరిచి, మొదటి బస్తా కాంటా మీద పెట్టకముందు ఈ ప్రశ్న మీ గుమాస్తాలతో కలిసి అడగండి. రబ్బీలు చేసిన పని అదే, మా తాతగారు చేసిన పనీ అదే.