ఏది కొరవడింది?



1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ అనే చమురు నౌక బ్లై రీఫ్ అనే రాతిదిబ్బను గుద్దుకుంది. సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు సముద్రం పాలైంది. ఒడ్డున రాళ్లన్నీ నల్లగా జిడ్డుకట్టాయి. వేడినీళ్లను జోరుగా కొట్టి కడిగారు. ఆ వేడికి రాళ్లను అంటిపెట్టుకున్న జీవాలూ చచ్చిపోయాయి.

చమురును తినే బాక్టీరియా ఆ ఒడ్డున ముందునుంచే ఉంది. చమురులో కర్బనం దండిగా ఉంటుంది కానీ, కణం పెరగడానికి కావలసిన నత్రజని, భాస్వరం దాదాపు ఉండవు. ఎరువు అందని పొలంలో పైరు ఎదగనట్టే బాక్టీరియా పనీ మందగించింది. మామూలు యూరియా చల్లితే ఆటుపోట్లకు కొట్టుకుపోతుంది. అందుకే చమురుకు అంటుకునే ఇనిపోల్ అనే ద్రవ ఎరువు, మెల్లగా కరిగే కస్టమ్‌బ్లెన్ గుళికలు వాడారు. అక్కడి స్నగ్ హార్బర్‌లో ఇనిపోల్ చల్లిన మేర రెండు మూడు వారాల్లోనే రాళ్లు తేటపడ్డాయి. నల్లటి ఒడ్డు మధ్య తేటపడిన ఆ దీర్ఘచతురస్రం హెలికాప్టర్‌లోంచి కూడా కనిపించింది.

నాకు అంతకన్నా నచ్చింది ఆ తర్వాత జరిగిన పని. రాళ్లు తేటపడినంత మాత్రాన బాక్టీరియా తిన్నట్టు కాదు, చమురు జారిపోయి ఉండొచ్చు కదా! చమురులో హోపేన్ అనే పదార్థం ఉంది. బాక్టీరియా దాన్ని అంత తేలిగ్గా ముట్టదు. దానితో పోల్చి మిగతా పదార్థాలు ఎంత తగ్గాయో కొలిచారు. ఎరువు పనిచేసిందని అప్పుడు తేలింది.

1994లో అమెరికాలోని డెలావేర్ తీరంలో అలాంటి ప్రయోగమే చేస్తే కథ మారింది. అక్కడి నీళ్లలో నత్రజని ముందే సరిపడా ఉంది. ఎరువు వల్ల ఒరిగింది కొంచెమే, అదనంగా వదిలిన బాక్టీరియా వల్ల ఏమీ లేదు. అలాస్కాలోనైతే ఏళ్ల తర్వాత కూడా రాళ్ల అడుగున చమురు మిగిలే ఉంది. ఆ లోతున బాక్టీరియాకు ప్రాణవాయువే కరువు.

మన తీరాలకూ ఈ ముప్పు ఉంది. 2017 జనవరిలో చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నప్పుడు ఒడ్డుకు చేరిన చమురును మనుషులు బకెట్లతో ఎత్తిపోశారు. కాకినాడ పక్కనే కోరింగ మడ అడవులున్నాయి, ఆ సముద్రంలో చమురు, గ్యాస్ తవ్వకాలూ ఉన్నాయి. మడ అడవుల బురదనేలలో సాధారణంగా కొరవడేది ప్రాణవాయువు, అక్కడ ఎరువు చల్లి లాభం లేకపోవచ్చు. ఆ బురదలో నత్రజని ఎంత, ఏ లోతు దాకా గాలి అందుతోంది, ఏ కాలంలో ఎలా మారుతోంది అన్న లెక్కలు చమురు పడకముందే మన చేతిలో ఉండాలి. ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో మైక్రోబయాలజీ, రసాయనశాస్త్రం చదివిన కొందరు ఆ కొలతల పని భుజాన వేసుకోవాలని మనస్ఫూర్తిగా అడుగుతున్నాను.