ఆ కాగితం అడగండి


2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది, ఆపై పోలీసు కాల్పుల్లో 5 మంది మరణించారు. అనుమానంతో పట్టుకున్న ముస్లిం యువకులు పలువురు నిర్దోషులుగా బయటపడ్డారు. తరువాత విచారణ ఎదుర్కొన్న మరో 5 మందిని 2018లో న్యాయస్థానం విడిచిపెట్టింది. మృతుల కుటుంబాలకు న్యాయం దక్కలేదు.

2008 ముంబై దాడి అనంతరం ఉపా చట్టం కఠినమైంది. అభియోగపత్రానికి 180 రోజుల వరకు గడువు, బెయిలు దుర్లభం. ఉగ్రవాదిని శిక్షించవలసిందే, కానీ నిర్దోషి బలి కారాదు.

అరెస్టు కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాలని 2024లో సుప్రీంకోర్టు ఉపా కేసులోనే తీర్పు చెప్పింది. మన బిడ్డను తీసుకుపోతే ముందుగా ఆ కాగితం అడగండి. స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచిత న్యాయవాదిని కోరండి.