కాపలా కాసిన మూగజీవి జబ్బుపడినప్పుడు

సర్వప్రాణులకూ ఉపాధినిచ్చే అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై శాంతి, శుభాలు వర్షించుగాక.



మేకల మంద గల ఒక సోదరుడు ఇటీవల ఇషా నమాజు ముగిశాక మా వద్దకు వచ్చి తలవంచుకొని కూర్చున్నారు. పన్నెండేళ్లుగా ఆయన దొడ్డిని కాచిన ఆడకుక్కకు పొట్ట కింద, పాలచన్నుల వద్ద గడ్డలు లేచాయి. పశువైద్యుడు క్యాన్సర్ అని తేల్చారు. "హజ్రత్, దీనికి వైద్యం చేయిస్తే డబ్బు దుబారా చేసినట్లా? నలుగురూ నవ్వుతున్నారు. కాలువ అవతల వదిలేసి రమ్మని మా అబ్బాయి అంటున్నాడు" అన్నారు. ఆ ప్రశ్న అడగడానికే ఆయన సిగ్గుపడ్డారు. నిజానికి సిగ్గుపడవలసింది నవ్వినవారు.

కుక్క పేరెత్తగానే మనలో చాలామందికి అపవిత్రత ఒక్కటే గుర్తుకొస్తుంది. మందనూ పంటనూ కాచేందుకు, వేటకు కుక్కను ఉంచుకోవడానికి దైవప్రవక్త (స) అనుమతించారు. కహఫ్ సూరా 18వ ఆయతులో గుహవాసుల గుమ్మం వద్ద ముంగాళ్లు చాచుకొని ఉన్న కుక్కను అల్లాహ్ ప్రస్తావించాడు. దప్పికతో తడిమట్టి నాకుతున్న కుక్కకు బావిలో దిగి నీరు తెచ్చి తాపిన మనిషిని అల్లాహ్ క్షమించిన వృత్తాంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ఆ కుక్క అతనిది కాదు. అతని దొడ్డిని కాచిందీ లేదు.

హిజ్రీ 660లో మరణించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ యజమానిపై పశువుకు గల హక్కులను వివరిస్తూ, అది ముసలిదై గాని జబ్బుపడి గాని ఎందుకూ పనికిరాకుండా పోయినా దాని పోషణ భారం యజమానిదేనని రాశారు. పని ఆగిపోయిన నాడు హక్కు ఆగిపోదన్నమాట.

ఇక వైద్యం సంగతి. ఆడకుక్కల రొమ్ము గడ్డలలో ఇంచుమించు సగం క్యాన్సర్ గడ్డలే. అవి ఊపిరితిత్తులకు పాకాయా అన్నది ఛాతీ ఎక్స్‌రేలో చూస్తారు. పాకకపోతే శస్త్రచికిత్సే ప్రధాన వైద్యం. కొన్నిటికి దానితోనే నయమవుతుంది. పాకాక కోత వల్ల సాధారణంగా ఆయుష్షు పెరగదు. ఆ సోదరుని కుక్కకు పాకింది. కనుక శస్త్రచికిత్స వద్దనుకున్నారు. అది నిర్లక్ష్యం కాదు.

మిగిలింది బాధ తగ్గించడం. నొప్పి మందు పశువైద్యుడు రాసినదే వాడాలి. ఐబుప్రొఫెన్ వంటి మన బిళ్లలు కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను చెడగొడతాయి. గడ్డ పగిలితే ఈగలు వాలి పురుగు పడుతుంది గనుక రోజూ కడిగి కట్టు కట్టాలి. కుక్కను తాకినందువల్ల వుజూ భంగం కాదు. చీము, రక్తం, లాలాజలం అంటిన చోటు కడుక్కొని, దుస్తులు మార్చుకొని నమాజుకు రావచ్చు.

డబ్బు విషయంలో తల్లి మందులు, పిల్లల ఫీజులు ముందు. వడ్డీకి అప్పు తెచ్చి కుక్కకు ఖరీదైన వైద్యం చేయించమని షరీయత్ కోరదు. కాని అంత ఖర్చు భరించలేననడం వేరు, కాలువ అవతల వదిలేయడం వేరు. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తిరిగి తిననివ్వక చంపిన స్త్రీ శిక్షకు గురైందని హదీసులో ఉంది. జబ్బుపడిన ముసలికుక్క తిండి వెతుక్కోలేదు. కొత్తచోట వీధికుక్కలు దాన్ని నిలవనివ్వవు.

నొప్పి మందుకు లొంగనప్పుడు ఇంజెక్షన్‌తో ప్రాణం తీయించవచ్చా అని కూడా ఆయన అడిగారు. ఇందులో పండితుల మధ్య భేదాభిప్రాయముంది. కొందరు కూడదన్నారు, కోలుకోలేని యాతనలో అనుమతి ఉందని మరికొందరన్నారు. మేము రెండవ వైపు మొగ్గుతాము. అయితే మనకు విసుగు పుట్టిన రోజున కాదు. అది తిండి మాని, లేవలేక మూలుగుతూ, వైద్యుడు ఇక మార్గం లేదన్న రోజున మాత్రమే. అప్పుడైనా విషం పెట్టడం, కర్రతో కొట్టడం వంటివి పనికిరావు. జిబహ్ చేసే పశువుకు సైతం బాధ తగ్గేలా కత్తికి పదును పెట్టుకోమని ఆదేశించిన ప్రవక్త (స) సమాజం మనది.

ప్రస్తుతం అది దొడ్డి పక్కన వేపచెట్టు నీడలో ఉంది. ఫజ్ర్ నమాజు తరువాత ఆయన అన్నం ముద్దలో బిళ్ల పెట్టి తినిపిస్తున్నారు. కుమారుడు ఇంకా దగ్గరకు రావడం లేదట, కాని కాలువ మాట ఎత్తడం మానేశాడట. రాత్రివేళ మేకలు అరిస్తే అది ఇప్పటికీ తల ఎత్తి చూస్తున్నదని ఆయన చెప్పారు.

అల్లాహ్ ఆయన శ్రమను స్వీకరించుగాక. ఆమీన్.