కొలువులో చోటు, కొలువులో మాట

(సంఘం వార్షికోత్సవంలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



దండారి గురించి, గుస్సాడీ గురించి, జల్ జంగల్ జమీన్ గురించి మనం ప్రతి ఏడాదీ చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి ఆఫీసు గురించి చెప్పుకుందాం. మన గూడేల నుంచి చదువుకుని వెళ్లిన పిల్లలు ఇవాళ హైదరాబాదులో బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేస్తున్నారు. చూసి గర్వపడుతున్నాం. కానీ కొందరు ఏడాది తిరగకుండానే ఉద్యోగం వదిలి వచ్చేస్తున్నారు. ఎందుకని అడిగితే, "ఏం లేదు, నచ్చలేదు" అంటారు. నెమ్మదిగా కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. ఏ కోటాలో వచ్చావని మొదటి రోజే అడిగారట. యాస విని నవ్వారట. అందరూ కలిసి భోజనానికి వెళ్తూ పిలవలేదట. మీటింగులో తను చెప్పిన మాటనే ఇంకొకరు చెబితే మెచ్చుకున్నారట. ఒక్కొక్కటీ చిన్నదే. రోజూ ముల్లు గుచ్చుకుంటుంటే ఎంత దూరం నడుస్తాం?

ఇలాంటి చిక్కులు విప్పడమే వృత్తిగా ఉన్నవాళ్లు ఉన్నారు. వాళ్లను కన్సల్టెంట్లు అంటారు. అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో జాతి, రంగు, మతం, స్త్రీపురుష భేదం చూడకూడదన్నాక అక్కడి కంపెనీలకు ఇలాంటి సలహాదారుల అవసరం పెరిగింది. రూజ్‌వెల్ట్ థామస్ అనే నల్లజాతి మేధావి 1990లో ఒక వ్యాసం రాశాడు. ఉద్యోగంలోకి తీసుకోవడంతో పని అయిపోదు, లోపలికి వచ్చినవాళ్లు ఎదిగేలా సంస్థ తన పద్ధతులనే మార్చుకోవాలి అన్నది దాని సారం. మన మాటల్లో చెప్పాలంటే, కొలువులో చోటు ఇవ్వడం వేరు, కొలువులో మాట చెల్లనివ్వడం వేరు.

మంచి కన్సల్టెంటు ముందు వింటాడు. ఎవరిని తీసుకుంటున్నారు, ఎవరికి ప్రమోషన్ వస్తోంది, ఎవరు మానేసి పోతున్నారు అని లెక్కలు చూస్తాడు. పై అధికారులకు తర్ఫీదు ఇస్తాడు. ఇద్దరి మధ్య తగువుంటే మధ్యవర్తిగా కూర్చుంటాడు. ఆగస్టు 9న మనవాళ్ల చేత తలపాగా కట్టించి ఫొటో తీసి వెళ్లిపోతే, దాన్ని వైవిధ్యం అనలేం.

ఈ పని మనకు కొత్తదేమీ కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాడు. ఆ తర్వాత గోండుల కష్టమేమిటో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఇవాళ్టి మాటలో ఆయనొక కన్సల్టెంటు. మార్లవాయిలో మనవాళ్ల మధ్య ఉన్నాడు, గోండి నేర్చుకున్నాడు, విన్నాడు. ఆ తర్వాతే సలహా ఇచ్చాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. భూములకు పట్టాలు ఇప్పించే పని సాగింది. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి మన గోడు వినే దర్బారు కూడా ఆయన సూచనతో పుట్టిందే.

ఇందులో మనం మరిచిపోకూడనిది ఒకటుంది. భీం నోరు విప్పకపోయి ఉంటే, హైమెండార్ఫ్‌ను పిలవాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. చప్పుడు చేయకుండా ఉద్యోగం మానేసి వస్తే ఆ ఆఫీసులో ఏమీ మారదు. మన వెనక వెళ్లే చెల్లెలికి కూడా అదే ముల్లు గుచ్చుకుంటుంది.

మరి ఎలా మాట్లాడాలి? 1974లో థామస్, కిల్మన్ అనే ఇద్దరు తగువు వచ్చినప్పుడు మనుషులు నడిచే దారులు ఐదని వర్గీకరించారు. పంతం పట్టడం, లొంగిపోవడం, తప్పుకుపోవడం, చెరిసగం ఒప్పుకోవడం, ఇద్దరికీ మేలయ్యేలా కలిసి దారి వెతకడం. మన పిల్లలు ఎక్కువగా తప్పుకుపోతున్నారు, లేదంటే లొంగిపోతున్నారు. కానీ మన రాయి సెంటర్‌లో సార్మెడి ముందు పెద్దలు కూర్చుని చేయాలని చూసేది ఐదోది. పంచాయితీ లేచాక కూడా ఆ ఇద్దరూ అదే ఊళ్లో బతకాలి, ఒకరి ఇంటి పెళ్లికి ఒకరు పోవాలి. అందుకే ఎవరు గెలిచారన్నదాని కంటే రేపు ఎలా కలిసుంటారన్నది ముఖ్యం. ఆఫీసులో కూడా రేపు పక్క కుర్చీలోనే కూర్చోవాలి కదా.

అలాగని మన పద్ధతిలో లోటే లేదని చెప్పం. మన పంచాయితీల్లో ఆడవాళ్ల మాట ఎంత వినబడుతోందో మనమే అడుక్కోవాలి. మన కొలువులో వాళ్ల మాట చెల్లకుండా, బయటి కొలువులో మన మాట చెల్లాలని ఏ ముఖంతో అడుగుతాం? ఇంకొకటి, రాజీ అన్నిటికీ మందు కాదు. అవమానం జరిగిన చోట ముందు న్యాయం జరగాలి.

అందుకే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. ఏం జరిగిందో తేదీతో సహా అదే రోజు రాసిపెట్టుకోండి. చిన్న విషయమైతే ఆ మనిషితోనే, పక్కన ఎవరూ లేనప్పుడు, "మీరు ఇలా అన్నారు, నాకు ఇలా అనిపించింది" అని నిదానంగా చెప్పండి. ఆగకపోతే పై అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. నలుగురి ఎదుట తెగ పేరుతో దూషిస్తే 1989 అట్రాసిటీ నిరోధక చట్టం ఉంది. రాజ్యాంగం 338ఎ అధికరణ కింద జాతీయ షెడ్యూల్డ్ తెగల కమిషన్ ఉంది. ప్రైవేటు కంపెనీల్లో మనకు రిజర్వేషన్ లేదు కానీ ఈ చట్టాలు అక్కడా వర్తిస్తాయి. వీటన్నిటికన్నా ముందు, ఒంటరిగా మోయకండి. ఉద్యోగంలో నిలదొక్కుకున్న అన్నకో అక్కకో ఫోన్ చేయండి. ఇప్పటికే నిలదొక్కుకున్నవాళ్లను మేం అడిగేది కూడా ఒక్కటే. ఆ ఫోన్ ఎత్తండి.

చివరిగా ఇంకో మాట. ఈ కన్సల్టెంటు పని మీరెందుకు చేయకూడదు? 2023లో మన దేశం మధ్యవర్తిత్వ చట్టం చేసింది. సమాజంలో వచ్చే తగువులను మధ్యవర్తులతో తీర్చుకోవడం గురించి అందులో ఒక అధ్యాయమే ఉంది. న్యాయశాస్త్రం, సోషల్ వర్క్, మనస్తత్వ శాస్త్రం, మానవ వనరుల నిర్వహణ, ఏది చదివినా ఈ దారిలోకి రావచ్చు. ఇంట్లో గోండి, బజారులో తెలుగు, మరాఠీ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు, ఒకరి మాట ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పడం ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

నాయకత్వం అంటే ముందు వరుసలో కుర్చీ అనుకోకండి. వెనక వరుసలో మాట రాక కూర్చున్నవాడిని చూసి, "నువ్వేమంటావు తమ్ముడూ?" అని అడగగలిగినవాడే నాయకుడు. అలాంటి నాయకులు ఈ సభలోంచే రావాలని కోరుకుంటూ, కొమురం భీంకు జోహార్లు అర్పిస్తూ సెలవు తీసుకుంటున్నాం.

జై సేవా! జై ఆదివాసీ!