ఊరి యుద్ధఫలకం మీద పేర్లెందుకు లేవు?

 ఈ స్మారకోపన్యాసం ఎవరి పేర జరుగుతోందో ఆ ఆచార్యులవారి పాండిత్యాన్ని కొనియాడటానికి నాకన్నా తగినవారు ముందు వరుసలోనే ఉన్నారు. అచ్చులో ఎవరి ఇంటిపేరు తప్పుపడినా ఆయన ఓర్చుకునేవారు కారన్న మాట మాత్రం నేను చెప్పగలను. నా వాదానికి అది పనికొస్తుంది. మొదటి ప్రపంచయుద్ధానికి మన దేశం నుంచి సుమారు 13 లక్షలమంది వెళ్లిన సంగతి, మద్రాస్ సాపర్స్ దళాల్లో మనవాళ్లు మెసొపొటేమియా దాకా పోయిన సంగతి మీకు తెలిసినవే. వాటి జోలికి వెళ్లను.

నా పేచీ చిన్న రాతి పలకలతో. యుద్ధం ముగిశాక, ఎక్కువమందిని పంపిన ఊళ్లలో సర్కారు వీటిని గోడలకు బిగించింది. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఒకటే మూస: ఈ ఊరి నుంచి 1914–1919 మహాయుద్ధానికి ఇంతమంది వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలు అర్పించారు. ఊరు మారితే మారేవి ఆ రెండు అంకెలే. ఊరి వీరగర్వానికి ఇది గుర్తని రాసేవారితో నేను ఎన్నాళ్లుగానో ఏకీభవించడం లేదు. చనిపోయినవాడి తల్లి ఆ పలకలో కొడుకును ఎక్కడ వెతుక్కోవాలి? నా లెక్కన అది సర్కారు తన భర్తీకి తానే రాసుకున్న రసీదు.

పలక చిన్నది, పేర్లు పట్టవంటారు. పదిమంది పేర్లకు ఎంత రాయి కావాలి? పైగా 1927లో ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్‌లో తెరిచిన స్మారకం మీద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కారు. దాన్ని కట్టించిన బ్రిటిష్ సామ్రాజ్య యుద్ధ సమాధుల కమిషనే ఇరాక్‌లోని 1929 నాటి బస్రా స్మారకం మీద బ్రిటిష్ సిపాయిల పేర్లు చెక్కి, భారతీయ సిపాయిలను దళాలవారీ సంఖ్యలుగా వదిలేసింది. యూరప్ కంటపడేచోట పేరు, పడనిచోట అంకె! ఇది నా కల్పన కాదు. ఆ కమిషన్ వారససంస్థే 2021 నివేదికలో, ఆసియా, ఆఫ్రికా మృతులు లక్షకు పైగా పేరుతోనైనా స్మరణకు నోచుకోలేదని ఒప్పుకుంది. ఇక, చదువురాని ఊళ్లో పేర్లు చెక్కి ఏం లాభమన్న మాట. రాయలసీమలో పోరులో పడినవారికి వీరగల్లులు చెక్కిన రోజుల్లో ఊరంతా చదివేదా? అయినా ఆ శాసనాల్లో పడినవాడి పేరు, ఎవరి పక్షాన పోరాడాడో, ఏ ఊరి ఆవుల దోపిడీకి అడ్డుపడ్డాడో, కుటుంబానికిచ్చిన భూమితో సహా కనిపిస్తాయి. అవి పశువుల దోపిడీల గుర్తులే, యుద్ధస్మారకాలు కావని కొందరి అభ్యంతరం. ఆ కాలపు ఊరికి మంద పోవడమే యుద్ధం. చచ్చిన ప్రతివాడికీ రాయి నిలపలేదన్నది మాత్రం నిజం. కానీ నిలిపిన రాయిమీద మనిషిని మనిషిగానే చెక్కారు.

అందుకే ఇప్పుడు నా పని ఊరివారీ పేర్ల పట్టిక మీదుంది. పంజాబుకు అలాంటి ఆధారం దొరికింది: లాహోర్ మ్యూజియంలో ఉన్న భర్తీ రిజిస్టర్ల నుంచి 3,20,000 మంది వివరాలను డిజిటైజ్ చేశారు. మనకంతటి అదృష్టం లేకున్నా దళాల చిట్టాలు, పింఛను కాగితాలు, ఇళ్లలో దాచుకున్న పతకాల అంచున చెక్కిన నంబర్లు ఉన్నాయి. పతకం అంచున నంబరు, పేరు, దళం ఉంటాయి గనుక పలకమీది అంకెను అక్కడినుంచే విప్పుతున్నాను. ముందు చనిపోయినవారు, తర్వాత తిరిగొచ్చినవారు; కూలీలుగా, మోతగాళ్లుగా వెళ్లినవారిని చివరికి నెట్టకుండా మొదటి సంపుటంలోనే చేరుస్తున్నాను.